షరా కాలమ్‌లో డిటో

నా చేతివేగం గురించి నేనే చెప్పుకోవడం బాగుండదు. కానీ చెప్పకపోతే ఇదంతా ఎలా జరిగిందో అర్థం కాదు. ఛత్రినాకలో మా సందు చివర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ రెండూ మొదటిసారికే పాసయ్యాను. నేను కొడుతుంటే పక్క మిషన్ల మీది పిల్లలు చేతులు ఆపి చూసేవాళ్లు. చూస్తున్నారని నాకు తెలుసు, తెలిసి ఇంకా గట్టిగా కొట్టేదాన్ని. "దీనికి కోపం ముక్కు మీద, పొగరు వేళ్ల మీద" అనేవాడు బాపు.

ఆ వేళ్ల వల్లే హుస్సేనీ ఆలంలో ఒక జాబ్‌వర్క్ షాపులో పని దొరికింది. మేడమీద ఒకటే పొడుగాటి గది. ఆఫీసుల నుంచి, కోర్టుల నుంచి రాత కాగితాలు వస్తే టైపు చేసి ఇచ్చేవాళ్లం. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మేము సారు అనేవాళ్లం. ఎనభైల మధ్యలో ఆయన ఉన్నదంతా పోగేసి ఒక కంప్యూటర్ కొన్నాడు. గదిలో దాన్ని పెట్టిన మూలకు కర్టెన్ కట్టించాడు. రెండు ఫ్యాన్లూ దాని వైపే తిప్పించాడు. మేం చెమటతో తడిసినా ఫర్వాలేదు, దానికి మాత్రం ఉక్క పోయకూడదు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. మా ఇంట్లో దేవుడి గూటికి కూడా అంత మర్యాద లేదు.

ఆ కంప్యూటర్‌కు మౌసూ లేదు, బొమ్మలూ లేవు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఏం చెయ్యాలన్నా కీలతోనే చెయ్యాలి. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని వై కొడితే వరుస మొత్తం మాయం. కె కొట్టి బి కొడితే అక్కడి నుంచి గుర్తు మొదలు, మళ్లీ కె కొట్టి ఇంకో కె కొడితే గుర్తు అక్కడితో ఆఖరు. అప్పుడు ఎక్కడికి కావాలంటే అక్కడికి పోయి కె, వి కొడితే ఆ వరుస లేచి వచ్చి ఇక్కడ కూచుంటుంది. వి బదులు సి కొడితే అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది. సారు ఇవన్నీ ఒక అట్టముక్క మీద రాసి గోడకు తగిలించాడు. నాలుగో రోజుకు ఆ అట్టవైపు చూడటం మానేశాను.

నాకు అది తలకెక్కింది. టైపు మిషన్ మీద ఒక వరుస పైకి జరపాలంటే పేజీ మొత్తం మళ్లీ కొట్టాలి. ఇక్కడ ఆరు దెబ్బలతో అయిపోతుంది. పని ఇచ్చిన గుమస్తాలు వెనక నిలబడి చూస్తుంటే, తెరవైపు చూడకుండా వాళ్లతో మాట్లాడుతూ వరుసలు జరిపేదాన్ని. "చూసుకుని కొట్టమ్మాయ్" అనేవాడు సారు. చూడకుండా కొట్టడమే గొప్ప అనుకునేదాన్ని నేను.

ఇక బావ సంగతి. మా అక్కను యాకుత్‌పురాలో ఇచ్చారు, స్టేషన్‌కు ఈవలి వైపు. బావ ఒక సర్కారు కార్ఖానాలో పదకొండేళ్లుగా క్యాజువల్. పదకొండేళ్లు అంటే నిజానికి పదకొండేళ్లు కాదు. ప్రతి మూడు నెలలకూ రెండు రోజులు పని ఆపి, మూడోరోజు కొత్త మనిషిని తీసుకున్నట్టు తీసుకునేవాళ్లు. దాన్ని బ్రేక్ అనేవాళ్లు. ఎంతకాలం చేసినా కాయితం మీద మూడు నెలల మనిషే. ఆ రెండు రోజులూ బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటి ముందు మంచం మీద కూచునేవాడు. పక్కన ఆయన దోస్తు కూచునేవాడు, అదే సెక్షన్, అదే బ్రేక్. ఆయన్ని మేమందరం భాయ్ అనే పిలిచేవాళ్లం. గ్రైండింగ్ మిషన్ దగ్గర రవ్వ పడి ఎడమ కన్ను మసకబారింది. మనిషి ఎదురుగా వస్తుంటే తల కొంచెం పక్కకు తిప్పి చూసేవాడు. ఇద్దరూ ఒకే బీడీకట్ట పంచుకునేవాళ్లు.

ఒక ఏడాది క్యాజువల్ వాళ్లను పర్మినెంట్ చెయ్యాలని కార్ఖానాకు ఆర్డర్ వచ్చింది. అందరికీ డాక్టరు పరీక్ష పెట్టారు. ఫిట్ అయినవాడు పర్మినెంట్. అన్‌ఫిట్ అయినవాడికి క్యాజువల్ పని కూడా ఉండదు, పేరు కొట్టేస్తారు. అంటే బావకు ఇది అటో ఇటో తేలిపోయే సంగతి. మధ్యలో ఆగే చోటు లేదు. అక్క ఆ నెలంతా సరిగా తిండి తినలేదు.

ఆ లిస్టు టైపుకు మా షాపుకే వచ్చింది. కార్ఖానా హెడ్ క్లర్కు స్వయంగా తెచ్చాడు. ఆరు పేజీలు, చేతిరాత, సెక్షన్ల వారీగా. వరుస నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, చివర షరా, అంటే డాక్టరు తేల్చిన మాట. షరా కాలమ్‌లో మొదటివాడికి ఫిట్ అని రాసి, కింద వాళ్లందరికీ డిటో పెట్టుకుంటూ పోయాడు. మధ్యలో ఎవడైనా అన్‌ఫిట్ అయితే అది రాసి, ఇంకోడు కూడా అన్‌ఫిట్ అయితే మళ్లీ డిటో. ఆఫీసుల్లో ఎవరైనా అలాగే రాస్తారు. మేం కొట్టడమూ అలాగే. చిన్న గీత, డి, ఓ, చిన్న గీత. నాలుగు దెబ్బలు. టైపు నేర్చిన ఎవరికైనా అది నిద్రలో కూడా వచ్చేస్తుంది. అది మాట అని కూడా అనిపించదు.

మూడో పేజీలో బావ పేరు వచ్చింది. షరాలో డిటో. వేలు పెట్టి పైకి పోయాను. ఒక డిటో, ఇంకో డిటో, ఆ పైన ఫిట్. ఆ సాయంత్రం నేరుగా యాకుత్‌పురా పోయాను.

"నీ కండ్లతోని జూసినవా పిల్లా?" అన్నాడు బావ.

"చూసిన బావా. డిటో అని ఉన్నది."

"డిటో అంటే ఏంది?"

"పైన ఏముంటే నీకు గదే. పైన ఫిట్ ఉన్నది."

"అంటే పైనోడు చెయ్యి పట్టి గుంజుకపోతున్నట్టు" అని నవ్వాడు బావ. అక్క నవ్వలేదు. కొంగు నోట్లో పెట్టుకుని గోడవైపు తిరిగింది. పెళ్లయిన తర్వాత అక్క సంతోషానికి ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

రెండు రోజుల తర్వాత హెడ్ క్లర్కు ప్రింటు తీసుకుని మళ్లీ వచ్చాడు. "ఆఫీసరు సాబ్‌కు గిట్ల సెక్షన్ వారీగ వద్దట. ఏబీసీడీ వరుసల కావాల్నట. రేపు పొద్దుగాల సంతకం" అన్నాడు. సారు మొహం మాడ్చాడు. అది టైపు మిషన్ మీద రెండు రోజుల పని. నేను సారును మాట్లాడనివ్వలేదు. "ఒక్క గంట కూచోండి, ఇచ్చేస్తాను" అన్నాను.

గంట కూడా పట్టలేదు. కె బి, కె కె, కె వి. ఒక్కొక్క పేరును పట్టుకుని దాని అక్షరం దగ్గరికి జరిపాను. హెడ్ క్లర్కు కుర్చీ దగ్గరికి లాక్కుని కూచుని "అరె వా" అంటున్నాడు. బావ వరుస వచ్చినప్పుడు లోపల నవ్వుకుని, దాన్ని కూడా ఎత్తి కొత్త చోట పెట్టాను. వరుస నెంబర్లు మార్చాను. వయసులు సరిచూశాను. పేర్లలో అక్షరాలు సరిచూశాను. ప్రింటు తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని గొట్టంగా చుట్టి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని పోయాడు.

పేర్లు జరిగాయి. డిటోలు కూడా పేర్లతో పాటు జరిగాయి. ఎవరి కింద ఉండాల్సిన డిటో ఎవరి కిందికి పోయిందో నేను చూడలేదు. టైపు మిషన్ అయితే మొదటి నుంచి మళ్లీ కొట్టాల్సి వచ్చేది. ఒక్కో వరుస కంటితో చదివి చేత్తో కొట్టాలి. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగేది, ఈ డిటో దేనిది అని అడిగేది. ఆ అడగడం లేకుండా పని అయిపోవడాన్నే మేం వేగం అనుకున్నాం.

పదిహేను రోజులకు లిస్టు కార్ఖానా గేటు దగ్గర బోర్డు మీద పెట్టారు. ఆ మధ్యాహ్నం బావ షాపు మెట్లెక్కి వచ్చాడు. అంతకు ముందెప్పుడూ రాలేదు. చెప్పులు బయట విడవాలని తెలియక కర్టెన్ దాకా వచ్చి ఆగిపోయాడు.

"నా పేరు మీద అన్‌ఫిట్ ఉన్నది పిల్లా" అన్నాడు.

"కాదు బావా. నీది డిటో."

"డిటోనే. పైన అన్‌ఫిట్ ఉన్నది. నువ్వే జెప్పినవ్ గద, పైన ఏముంటే గదే అని."

బావ కోప్పడలేదు, అరవలేదు. రేపటి నుంచి గేటు లోపలికి రానివ్వరని చెప్పి, వచ్చినట్టే మెట్లు దిగి పోయాడు.

మొదటి ప్రింటు ఇంకా షాపులోనే ఉంది. అది పనికిరాదని వెనకవైపు చిత్తు రాతలకు వాడుతున్నాం. కాగితాలు వెతికి పేజీలు పేర్చి, తెరమీది లిస్టు పక్కన పెట్టుకుని వరుస వరుసా చదివాను. ఫిట్ అయినవాళ్లు అయిదుగురు అన్‌ఫిట్ కింద పడ్డారు. అందులో బావ ఒకడు. అన్‌ఫిట్ అయినవాళ్లు నలుగురు ఫిట్ కింద పడ్డారు. తొమ్మిది వరుసలు. అదంతా నా చేతుల పని.

సారు అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మాయ్, ఆ లిస్టు మీద ఆఫీసరు సంతకం ఉంది. ఇప్పుడది ఆయన తప్పు, మన తప్పు కాదు. నువ్వెళ్లి ఒప్పుకున్నావనుకో, ఈ షాపుకి ఇంకెవరూ కాగితం ఇవ్వరు. నేను ఆ మిషను మీద ఇంకా కట్టాల్సింది ఉంది" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. నేను వెళ్లకూడదనే అనుకున్నాను, ఒక రాత్రంతా.

మర్నాడు అక్క ఛత్రినాక వచ్చింది. యాకుత్‌పురా పోవడానికి నాకే మొహం చెల్లలేదు. అక్క గడపలోనే నిలబడింది, లోపలికి రాలేదు. జరిగిందంతా, సారు అన్నది కూడా చెప్పాను.

"నువ్వు జేసింది నువ్వే పోయి సక్కగ జెయ్. నీ సారు షాపు మునుగుతదా తేలుతదా నాకు ఫికర్ లేదు. నా ఇల్లు మునిగింది" అన్నది.

వెళ్లాను. కార్ఖానాకు రెండు లిస్టులూ పట్టుకుని వెళ్లాను. వెళ్లే ముందు షాపులో కూచుని, తప్పు పడిన ప్రతి వరుసకూ ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. బావకు పెట్టాను. బావలాంటి మిగతా నలుగురికీ పెట్టాను. పెన్సిల్ చేతిలోనే ఉంది, అటువైపు తప్పు పడిన నలుగురికీ పెట్టాను. ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి అనుకున్నాను. నేను పని చేస్తే సగం చెయ్యను అనే గీర ఆరోజు కూడా నన్ను వదల్లేదు.

హెడ్ క్లర్కు నన్ను కూచోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. టిక్కులన్నీ తన చేతిరాత లిస్టుతో పోల్చి చూసుకున్నాడు. ఆయన మొహానికి చెమట పట్టింది, ఎందుకంటే సంతకానికి పెట్టింది ఆయనే. చివరికి "మంచి పని జేసినవమ్మా. ఇసొంటోళ్లు తక్కువుంటరు. నీ పేరు ఎక్కడ రానియ్య" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. బావ బతికి బయటపడ్డాడనే అనుకున్నాను.

సారు భయపడ్డట్టు షాపుకు పని ఆగలేదు. వారానికే హెడ్ క్లర్కు ఒక కాగితం తెచ్చాడు, మెమో టైపు చెయ్యాలని. పొరపాటున ఫిట్ జాబితాలో చేరిన పేర్లకు మెమో. మీ పేరు తప్పుగా చేరింది, ఈ కాగితం అందిన రోజు నుంచి మీ సేవలు అవసరం లేదు, అని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. నలుగురికి నాలుగు. నేను ఒకటి కొట్టాను. కె బి, కె కె, కె సి. మిగతా మూడూ వాటంతటవే వచ్చాయి. పేర్లు మాత్రం మార్చాను. ఈసారి పేర్లు రెండుసార్లు సరిచూసుకున్నాను, ఒక్క అక్షరం తప్పు పోలేదు. పేరు సరిచూడటమే తప్ప ఆ పేరుగల మనిషి ఎవరో అనుకోనేలేదు. పది నిమిషాల్లో నాలుగు మెమోలు ఆయన చేతిలో పెట్టాను.

"మా బావ వాళ్ల ఆర్డర్లు ఎప్పుడొస్తయి సార్?" అన్నాను.

ఆయన కాగితాలు సర్దుకుంటూ, "అది వేరే ఫైలమ్మా. మంజూరైన జాగాల గడువు దాటింది. తీసేసుడు మా చేతుల ఉంటది. పెట్టుడు పైనోళ్ల చేతుల ఉంటది. వచ్చే లిస్టుల చూద్దాం" అన్నాడు.

ఆ వచ్చే లిస్టు వచ్చేసరికి బావకు వయసు దాటిపోయింది, ముందే చెప్పేస్తున్నాను. కానీ ఆరోజు నేను దాన్ని ఆశగానే తీసుకున్నాను. తప్పు తప్పని తేలిపోయింది కదా, ఒప్పు ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు అనుకున్నాను. ఆ ముక్క చెప్పడానికి ఆదివారం పొద్దున యాకుత్‌పురా పోయాను. లిస్టు పడ్డ తర్వాత పోవడం అదే మొదటిసారి.

ఇంటి ముందు మంచం మీద బావ, భాయ్ కూచుని ఉన్నారు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. నాకు ఒక్క క్షణం బ్రేక్ రోజులే గుర్తొచ్చాయి. అక్క గుమ్మంలో బియ్యం ఏరుతున్నది, తల ఎత్తలేదు.

భాయ్ నన్ను చూసి తల కొంచెం పక్కకు తిప్పాడు. జేబులోంచి కాయితం తీశాడు. "బేటీ, అంగ్రేజీ నాకు రాదు. నీ బావకు సగం వస్తది. జర పూరా చదివి చెప్పు" అన్నాడు.

మడత విప్పకముందే నాకు తెలిసిపోయింది. మా ప్రింటరులో ఒక పిన్ను అరిగి, ప్రతి అక్షరానికీ పైన సన్నటి తెల్లగీత పడేది. విప్పాను. భాయ్ పేరు నేను మొదటిసారి చదివింది ఆ కాయితంలోనే. కాదు, మొదటిసారి కాదు. ఆ పేరును నేనే సెక్షన్ నుంచి ఎత్తి ఫిట్ కింద పెట్టాను. నేనే ఎర్ర టిక్కు పెట్టాను. నేనే మెమోలో కొట్టాను. అన్నిసార్లు నా చేతి కింద నుంచి పోయిన పేరు మా భాయ్‌దని నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఆయన్ని పేరు అడగాలని నాకు తోచలేదు.

చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. నేను కొట్టింది నేను నిజంగా చదవడం అదే మొదలు. ‘మీ సేవలు అవసరం లేదు’ అన్న వాక్యం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"డాక్టరు కన్ను చూసి తల అడ్డంగ ఊపిండు" అన్నాడు భాయ్. "తర్వాత లిస్టుల ఫిట్ వచ్చింది. అల్లా మెహర్బానీ అనుకున్న. పది రోజులు పర్మినెంట్ బిల్ల పెట్టుకోని పోయిన. తప్పుగ చేరింది అన్నవ్ గద, గా గలతీ ఎవరిది?"

"నాది భాయ్."

ఆయన కోపగించుకోలేదు. "నువ్వు గలతీ జేస్తే నౌకరీ వచ్చింది. సహీ జేస్తే పోయింది" అని, కాయితం అడిగి తీసుకుని, పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కకు సలాం చెప్పి పోయాడు. ఆయన నడిచేటప్పుడు ఎడమ వైపు గోడకు చెయ్యి ఆనించుకుని నడుస్తాడని నేను అంతవరకూ గమనించలేదు.

భాయ్ సందు మలుపు తిరిగాడు. అప్పుడు అక్క తల ఎత్తి చెప్పింది. లిస్టు పడ్డ రోజు భాయ్ మిఠాయి డబ్బా తెచ్చాడట. బావకు రాలేదని తెలిసి, డబ్బా విప్పకుండా చేతిలో పట్టుకుని చాలాసేపు వాకిట్లోనే నిలబడి, దాన్ని అట్లాగే వెనక్కి తీసుకుపోయాడట.

"నాది నాకు తెప్పియ్యకపోతివి, మంచిది" అన్నాడు బావ. "ఆయనది ఎందుకు తీపిచ్చినవ్?"

"తప్పు తప్పే గద బావా. ఒప్పుకునేటప్పుడు అంతా ఒప్పుకోవాలె గద."

"మేము నిన్ను నా పేరు చూపెట్టమన్నం. ఆయన పేరు చూపెట్టమని ఎవరన్నరు?"

ఎవరూ అనలేదు. లిస్టులో తప్పు ఒక్కటి కూడా నా కన్ను దాటి పోలేదని మురిసిపోతూ, నేనే చూపెట్టాను.